మల్లేశం కణాలు పెరిగాయి, నావి పెరగలేదు

మన రోగనిరోధక శక్తే మన నరాల మీద దాడిచేసే జబ్బు నాది. కిందటేడు మా సూరత్‌లో కామ్‌రేజ్ దారిలోని ఒక పరిశోధనశాలకు రక్తం ఇచ్చాను. ఆ రక్తకణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి నాడీకణాలు పెంచి, జబ్బు వాటినెలా దెబ్బతీస్తుందో చూస్తారట. రక్తమిచ్చినవాళ్లందరినీ మొన్న రమ్మన్నారు. నా కణాలను కళ్లారా చూడాలని రైల్వే ఆఫీసుకు సెలవు పెట్టాను.

తొమ్మిదికి లింబాయత్‌లో షేర్ ఆటో ఎక్కితే ఇరవై రూపాయలకు స్టేషన్, అక్కడి నుంచి గంట బస్సు. తోడు మల్లేశం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి పాతికేళ్లు మగ్గాలు నడిపినవాడు. అదే జబ్బు, నాతోపాటే రక్తమిచ్చాడు. "మేడం, జర పైలం, మెట్టు ఎత్తుగున్నది" అంటూ తన కర్ర నాకిచ్చి, తను ఊచ పట్టుకుని ఎక్కాడు. అప్పటిదాకా ఆయనంటే నాకు ఇష్టమే.

పరిశోధకురాలు సూరత్‌లో పుట్టిపెరిగిన తెలుగమ్మాయి. "సారీ ఆంటీ, మీ సెల్స్ పెరగలేదు. కొందరివి అంతే. అంకుల్‌వి మాత్రం ఏక్‌దమ్ మస్త్!" అంది. నాకు ఒళ్లు మండింది. వేళకు మందులు మింగేది నేను, కణాలు పెరిగేది జర్దా మానని మనిషికా? పైకి నవ్వాను గానీ, కడుపంతా కుళ్లే.

మల్లేశం సూక్ష్మదర్శినిలోంచి కన్ను తియ్యలేదు. "పోగులే మేడం. ఒక్కటి గూడ తెగలే." తెగిన పోగును ముడివేస్తున్నట్టు ఆయన బొటనవేలు, చూపుడువేలు కదిలాయి. ఒకదాన్నొకటి అందుకోలేదు. "నా చెయ్యేమో గిట్లయిపాయె. గివి జూడుండ్రి, నాయే గదా, ఎంత మంచిగున్నయో!" ఆయన మీద నాకెంత ఏడుపో, ఆ గాజుపళ్లెంలోని కణాల మీద ఆయనకంత.

"వచ్చే నెల వీటి మీద మీ రక్తంలోని సీరం వేస్తాం అంకుల్. ఎలా దాడిచేస్తుందో తెలియాలిగా" అందా అమ్మాయి.

ఆయన సూక్ష్మదర్శినిలోంచి కన్ను తీశాడు. "కొన్నిటి మీద ఎయ్యి బిడ్డా. కొన్నిటిని గిట్లనే ఉండనియ్యి."

సగం ఎప్పుడూ అలాగే ఉంచుతామని, పోల్చి చూడాలంటే అవి కావాలని ఆ అమ్మాయి చెప్పాక గానీ ఆయన కుర్చీలోంచి లేవలేదు.

నేను మళ్లీ రక్తమిచ్చాను. కుళ్లు పోయిందని అబద్ధమాడను. నావీ పెరగాలి, నేనూ అలా అడగాలి. మీరు వెళితే మాత్రం టిఫిన్ తిని వెళ్లండి, రెండోసారి రక్తం తీయొచ్చు. నేను ఖాళీ కడుపుతో ఇచ్చి, కళ్లు తిరిగి, మల్లేశం చెయ్యి పట్టుకునే బస్సు దాకా నడిచాను.