తెల్ల గులకరాళ్ళ మీద బూటు

ఫెన్యక్క చేప తినదు. వాళ్ళు దుఖోబోర్ మతంవాళ్ళు, ఆ ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ నీచు ముట్టరు. కానీ సెప్టెంబరు వచ్చిందంటే ఆవిడకు చేపలే లోకం. ముప్పయ్యేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి, రిటైరయ్యాక ఒక కెమెరా కొనుక్కుని మా వాగు గట్టున బోర్లా పడుకోవడం మొదలుపెట్టింది. సరస్సులో వెండిలా ఉండే కొకనీ చేపలు గుడ్లు పెట్టడానికి వాగెక్కేసరికి ఎర్రబారిపోతాయి. వాటి కోసం కాచుకుని ఉండే తెల్లతల గద్దలు ఫెన్యక్కను చూసి ఎగిరిపోవడం ఎప్పుడో మానేశాయి.

ఆవిడకున్నది ఒక్కటే నియమం. సెప్టెంబరు నుంచి మే దాకా వాగులో కాలు పెట్టదు. ఆడచేప తోకతో రాళ్ళు చిమ్మి, గుంట చేసి, గుడ్లు పెట్టి కప్పేస్తుంది. అక్కడ నాచు పోయి రాళ్ళు తెల్లగా కడిగినట్టుంటాయి. తెలియనివాడికి నిలబడడానికి అంతకంటే మంచి చోటు కనపడదు.

"మొదటేడు నేనూ అక్కడే నిలబడ్డాను," అని వాళ్ళింట్లో బోర్ష్ సూపు వడ్డిస్తూ ఆవిడే చెప్పింది నాకు. "మా అమ్మ గట్టు మీంచి చూసి, పురిటి మంచమెక్కి తొక్కుతున్నావేమే, దిగు! అని ఊరంతా వినపడేలా అరిచింది. ఇప్పటికీ సిగ్గే."

మా ఊరి కమ్యూనిటీ హాలువాళ్ళు ఏటా కాలెండరు వేస్తారు. సెప్టెంబరు పేజీ పదకొండేళ్ళుగా ఫెన్యక్కదే. పోయిన సెప్టెంబరు చివర్లో, ఈ ఏటి కాలెండరు అట్ట మీదకి బొమ్మ ఎంచడానికి హాల్లో కూర్చున్నాం. నగరం నుంచి వచ్చిన గ్రాంట్ అనే అతను తన ఫోటో పెట్టాడు. గద్ద రెక్కలు విప్పి, గోళ్ళలో ఎర్రచేపతో సూటిగా మన మొహం మీదికి వస్తున్నట్టుంది. అందరం చప్పట్లు కొట్టాం.

ఫెన్యక్క కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూసింది. "ఎక్కడ నిలబడి తీశావయ్యా?"

"వాగు మధ్యలోనండి. చేపల్ని తొక్కకూడదని, తెల్లగా శుభ్రంగా ఉన్న రాళ్ళు చూసుకుని మరీ నిలబడ్డాను."

"ఎంతసేపు?"

"మూడు రోజులు!" అన్నాడు గొప్పగా.

"నీ జాగ్రత్త తగలెయ్య! తల్లుల్ని తప్పించి పిల్లల్ని తొక్కావు కదయ్యా. గద్దంటే ఆకలికి చంపింది. నీకేం ఆకలేసింది?"

అతని మొహం మాడిపోయింది. హాలు పెద్ద పీటర్ సర్దబోయాడు. "పోనీలే అక్కా, తెలియక చేశాడు. ఫోటో మాత్రం అదిరింది కదా."

"ఆ గుడ్లు నాలుగేళ్ళకు చేపలై తిరిగొచ్చేవిరా. అప్పుడు నీ మనవరాలికి ఏం చూపిస్తావ్, ఈ అట్టా?"

అయినా చేతులెత్తమన్నారు. ఇరవైమూడు చేతులు గద్దకే లేచాయి. అందులో నాదొకటి. పురిటి మంచం సంగతి ఆవిడ నోటే విని, ఆవిడ ఇంట్లో బోర్ష్ తాగి, చెయ్యెత్తాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

"సెప్టెంబరు పేజీ నాదేగా?" అంది ఫెన్యక్క.

"ఎప్పటికీ నీదే అక్కా," అన్నాడు పీటర్, గొడవ తప్పిందని.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గట్టు మీద బోర్లా పడుకుని, కర్రకు కట్టిన కెమెరా నీళ్ళ మీదికి చాపి ఒకే ఒక్క ఫోటో తీసింది. అదే ఇచ్చింది. మాట ఇచ్చారు కాబట్టి వాళ్ళు నోరు మూసుకుని అచ్చేశారు.

ఎనిమిది నెలలు అందరూ అట్ట మీది గద్దను మెచ్చుకున్నారు. సెప్టెంబరు ఒకటిన పేజీ తిరిగింది. తెల్ల గులకరాళ్ళు, వాటి మధ్య బూటంత పల్లం, అందులో చితికిన ఎర్రటి గుడ్లు, వాటిని పొడుచుకు తింటున్న చిన్న నీటిపిట్ట.

పీటర్ ఫోన్ చేశాడట. "అక్కా, భోంచేసేచోట వేలాడుతోంది, ముద్ద దిగట్లేదు."

"ముప్పై రోజులేగా, ఓర్చుకోరా," అని ఫోన్ పెట్టేసిందట.

మా వంటింట్లోనూ పొయ్యి పక్కనే ఉంది. అక్టోబరుకు తిప్పేద్దామని రెండో తారీఖునే చెయ్యెత్తాను. ఆ రోజు హాల్లో ఎత్తిన చెయ్యే. దించేశాను.