కౌన్సెలింగ్ గదిలోని అక్క

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోను వచ్చేసరికి నేను జమ్మలమడుగులో నా కుట్టుమిషను ముందు ఉన్నాను. "కౌన్సెలరక్క పోయిందమ్మా. గుండెపోటు," అంది ప్రొద్దుటూరు మందుల కేంద్రంలో పనిచేసే నర్సు. జాకెట్టు కోసం ఎదురుగా కూర్చున్నామె "ఎవురు మే పోయింది?" అని అడిగింది. "తెలిసినామె," అన్నాను. మిగిలిన మూడు హుక్కులూ కుట్టి, జాకెట్టు మడిచి ఆమె చేతికిచ్చి, తలుపు వేసుకున్నాక ఏడ్చాను.

ఆమె నాకేమవుతుందో ఎవరికీ చెప్పలేను. చెప్పాలంటే నాకు హెచ్ఐవీ ఉందని చెప్పాలి. అందుకే పేరు లేకుండా మీకు రాస్తున్నాను.

మా ఆయన చనిపోయిన ఏడాదే నాకూ ఉందని తేలింది. మొదటిసారి ఆ కేంద్రంలోని కౌన్సెలింగ్ గదిలోకి వెళ్లినప్పుడు అక్క బల్ల వెనక నుంచి లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఎవరొచ్చినా అంతే. "ఎన్నాళ్లు బతుకుతానక్కా?" అన్నాను.

"మాత్రలు తప్పకుండా మింగితే అందరి మాదిరే బతుకుతావు. భయపడుకుంటా బతకల్లనా, నెమ్మదిగా బతకల్లనా, అది చూసుకుందాం. భయం ఎప్పుడొస్తాది నీకు?"

రోగం గురించి అందరూ అడిగారు. భయం వచ్చే వేళ గురించి అడిగింది ఆమె ఒక్కతే. సాయంత్రం మిషను ఆపగానే వస్తుందన్నాను. ఆ వేళకు ఇంట్లో కూర్చోవద్దని, పెన్నా వైపు అరగంట నడవమని చెప్పింది. అప్పటికీ గుండెదడ తగ్గకపోతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. "ఊపిరి తీసుకునేది గూడా నేర్పల్లనా?" అని నవ్వాను. "భయపడినోళ్లు మొదట మర్చిపొయ్యేది అదే మ్మే," అంది.

అన్నీ పాటించానని చెప్పను. ఒకసారి విసుగొచ్చి మాత్రలు మానేశాను. మందులకు వెళ్లలేదు, ఫోను ఎత్తలేదు. ఒకరోజు అక్కే మా ఇంటికి వచ్చింది. వీధిలో అందరికీ వినబడేలా "జాకెట్టు కుట్టించుకుందామని వచ్చినా మ్మే," అంది. నేను టేపు పట్టి భుజం కొలుస్తుంటే చెవి దగ్గర మెల్లగా అడిగింది. "ఎన్నాళ్లాయ మాత్ర మింగక?"

"పదైదు దినాలు."

"ఎందుకు?"

"ఎవురి కోసం మింగల్లక్కా?"

ఆమె తిట్టలేదు. "ఎవురో ఒకరు దొరికేదాకా నా కోసం మింగు. రేపొచ్చి డాక్టరుకు చూపించుకో. ఒక్క మనిషికన్నా నీ మాట చెప్పుకో మ్మే. మాత్ర ఒంటిని చూసుకుంటాది. మనసును మనిషే చూసుకోవల్ల."

మరునాడే ప్రొద్దుటూరు వెళ్లాను. ఇంకో మనిషికి చెప్పుకోవడం మాత్రం నావల్ల కాలేదు. ఆమెకు చెబుతున్నాను కదా, చాలనుకున్నాను.

అక్క పోయిన మూడో రోజు పులివెందులలో వాళ్లింటికి వెళ్లాను. "ఎవురమ్మా మీరు?" అని ఆమె చెల్లెలు అడిగితే మళ్లీ తెలిసినామెననే చెప్పాను. వసారాలో అప్పటికే ఐదారుగురు, ఒకరికొకరు ఎడంగా, గోడకానుకుని కూర్చుని ఉన్నారు. ఎవరూ బంధుత్వం చెప్పడం లేదు. వాళ్లెవరో నాకు అర్థమైంది. నేనెవరో వాళ్లకూ అర్థమయ్యే ఉంటుంది. అయినా ఎవరమూ మాట్లాడుకోలేదు.

తిరుగు బస్సులో, ఆ వసారాలో చూసిన బురఖా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది. చాలాసేపటికి "అక్క నీకు యాడ తెలుసమ్మీ?" అంది.

"ప్రొద్దుటూరు మందుల కాడ. నాకు హెచ్ఐవీ ఉంది," అన్నాను. ఆ గది బయట ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.

"నేనూ మందులకు ఆడికే వస్తా," అని ఆమె నా చేయి పట్టుకుంది.

ముద్దనూరులో ప్రొద్దుటూరు బస్సు కోసం దిగిపోయింది. మేం పేర్లు అడుక్కోలేదు. నా బస్సు కదిలాక కిటికీలోంచి చూశాను. ఎండలో, సంచిని రెండు చేతులతో పొట్టకు హత్తుకుని, తన బస్సు వచ్చే వైపు కాకుండా నా వైపే చూస్తూ నిలబడి ఉంది.