వెనక్కి పోవడం ముందు నేర్పిన మాస్టారు

మార్చి పదకొండవ తేదీ, మంగళవారం, ఉదయం ఆరున్నర గంటలు. తెల్లవారుజామున పడిన జల్లు వెలిసింది గాని మబ్బు ఇంకా విడలేదు. బడి ప్రధానోపాధ్యాయిని కారు నేర్చుకోవడానికి మైదానానికి వచ్చిన మొదటి రోజు అది. ఏభై దాటాక ఈ సరదా ఏమిటని మరిది ఎగతాళి చేసినా ఆమె చెవిన పెట్టలేదు.

నిజానికి ఆమెకు కారు మీద మోజు కన్న, నేర్పే మనిషిని గురించిన ఆరా ఎక్కువ. ఆయన యుద్ధకాలంలో సేనాని జీపు నడిపినవాడు. బడిలో కొత్తగా కట్టిన హాలుకు ఆ సేనాని పేరు పెట్టాలని దాత పట్టుబట్టాడు. ఔనో కాదో శుక్రవారంలోగా ఆమె తేల్చాలి. ఊరిలో సగంమందికి ఆ సేనాని వీరుడు. ఆమె తల్లికి మాత్రం, కన్నుమూసేదాకా, కొడుకును పొట్టన పెట్టుకున్నవాడు. ఆయన కింద పోరాడుతూ లోయలో చిక్కుబడిన పటాలంతోపాటు ఆమె అన్న కూడా తిరిగి రాలేదు. తల్లి మాట న్యాయమా, కడుపుకోత పలికించిన మాటా? అదే ఆమెను తొలుస్తున్న ప్రశ్న.

ఊరంతా రివర్సు మాస్టారని పిలిచే ఆ ముసలాయన, ఆమె చేత అద్దాలు సరిచేయించి, "ఇక వెనక్కి పోనివ్వండమ్మా" అన్నాడు.

"ముందుకు పోవడమే రాదు కదండీ!"

"దానికి నేనెందుకు? యాక్సిలేటర్ తొక్కితే గాడిదైనా ముందుకు పోతుంది."

కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

"కంగారుపడకండి. ఆగింది ఇంజనే, మీ ఉద్యోగం కాదు."

ఆమె నవ్వేసింది. "మాస్టారూ, ఈ వెనకనడక పిచ్చి మీకెక్కడ పట్టుకుంది?"

"మా జనరల్‌గారి దగ్గర. ఆయన జీపును వెనక్కి పోనిచ్చేవారు కాదు. చూసిన జవాన్ల గుండె జారిపోతుందనేవారు. ఇరుకుదారిలో లారీ ఎదురైతే లారీయే వెనక్కి తగ్గాలి. దారి మూసుకుపోతే జవాన్లు జీపును ఎత్తి తిప్పేవాళ్లు."

"ఇదేం చోద్యం! అయితే ఒట్టి అహంకారి అన్నమాట."

"అలా తేల్చేయకండమ్మా. జవాన్లు తిన్నాకగాని ముద్ద ముట్టేవారు కాదు. నాకు జ్వరమొస్తే తన దుప్పటి తెచ్చి కప్పారు. భయమన్నది ఆయన ఎరగరు."

ఆమె చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. "లోయలో పటాలం చిక్కుకున్న రోజు మీరున్నారా?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "జీపులోనే ఉన్నాను. దారి ఇంకా తెరిచే ఉంది, వెనక్కి వచ్చెయ్యమంటారా అని ఆ పటాలం కర్నల్ వైర్‌లెస్‌లో అడిగారు. ముందుకే అన్నారు జనరల్‌గారు. మధ్యాహ్నం మళ్లీ అడిగారు. మళ్లీ అదే మాట. పక్కనున్న ఆఫీసర్లందరికీ తెలుసమ్మా, తప్పు జరుగుతోందని. ఒక్కరూ నోరు మెదపలేదు. వెనక్కి అన్న మాట ఆయనెదుట అనడం ఎవరికీ అలవాటు లేదు. సాయంత్రానికి దారి మూసుకుపోయింది."

"మా అన్న అందులోనే ఉన్నాడు."

ఆయన ఆమె వంక తేరిపార చూశాడు. "అయితే మీరు వచ్చింది కారు కోసం కాదు."

"రెండింటికీ వచ్చాను. తర్వాతేమైంది?"

"తర్వాత ఒకరోజు కొండదారిలో జీపు ఆపించి, నన్ను దింపి, తాను నా సీట్లో కూర్చున్నారు. ‘వెనక్కి ఎలా పోనిస్తారోయ్?’ అన్నారు. అంతటి మనిషికి అది రాదు! చెయ్యి పట్టి గేరు వేయించాను. కాస్త దూరం పోయి ఆపి, ‘ఇంతేనా?’ అన్నారు. దిగి వెళ్లి తన సీట్లో కూర్చున్నారు."

ఆమె అద్దంలోకి చూసింది. తల్లి తిట్టిపోసిన రాక్షసుడు అందులో కనిపించలేదు. ఊరు పొగిడిన వీరుడూ కనిపించలేదు.

"ఇంత చిన్న సంగతి ఆయన ముందే అడగవలసింది కదా మాస్టారూ."

"అడగవలసింది."

"ఆయన పేరు పెట్టమంటారా?"

"నన్నడక్కండమ్మా. ఆయన ఉప్పు తిన్నవాణ్ణి. మీరు క్లచ్చు తొక్కండి, వెనక గోడ ఉంది."

శుక్రవారంనాడు ఆమె ఆ పేరు వద్దన్నది. దాత అలిగి, ఇస్తానన్న కుర్చీలు ఇవ్వలేదు. ఆ హాలును నేటికీ కొత్త హాలు అనే పిలుస్తారు. ఉపాధ్యాయుల సమావేశాలలో అందరికన్న చిన్న ఉద్యోగి ముందుగా మాట్లాడే పద్ధతిని ఆమె పెట్టింది; అది ఇంకా సాగుతున్నది. రెండవసారి పరీక్షలో ఆమెకు లైసెన్సు వచ్చింది. మరుసటి ఏడు చూపు మందగించి మాస్టారు బండి మానుకున్నాడు. ఇప్పుడు ఆయన కూతురు నేర్పుతున్నది. ఆమె కూడ రివర్సుతోనే మొదలుపెడుతుంది.