నేను కొట్టేసిన పేరు

కిందటి ఆదివారం అమలాపురంలో పిల్లల రోలర్ హాకీ పోటీలున్నాయని, ఒకప్పుడు ఆ ఆట ఆడినదాన్ని, నేర్పినదాన్ని కాబట్టి పెద్దరికంగా వచ్చి కూర్చోమని, వాటిని దగ్గరుండి నడిపిస్తున్న మా తమ్ముడి కోడలు కారు తెచ్చి మరీ నన్ను తీసుకువెళ్ళింది. ఆటల టీచరుగా రిటైరై ఇన్నేళ్ళయినా, నున్నటి నేల మీద చక్రాలు దొర్లే చప్పుడు మళ్ళీ వినబోతున్నానంటే నాకు తెల్లవారకముందే మెలకువ వచ్చేసింది. తీరా వెళ్ళి చూస్తే రింకు అద్దంలా ఉంది, పిల్లల కాళ్ళకు మేం కలలో కూడా చూడని బూట్లున్నాయి, తల్లిదండ్రులందరి చేతుల్లో ఫోన్లున్నాయి; లేనిదల్లా ఆట. బోర్డు మీద నాలుగు జట్ల పేర్లుంటే వచ్చినవి రెండు, ఆ రెండింటిలోనూ సగం మంది పిల్లలు గోడ వదిలి నిలబడలేకపోతున్నారు, అయినా పతకాలు మాత్రం ముందే పళ్ళెంలో సర్దేసి ఉన్నాయి. పది నిమిషాలు కర్రలతో నేలను గీకించి, ఫోటోలు తీయించి, గోడ పట్టుకునే నిలబడ్డ మా తమ్ముడి మనవరాలి మెడలో కూడా ఒక బిళ్ళ వేసేశారు. ఆ తరవాత మా తమ్ముడి కోడలు నా ముందు స్కోరు కాగితాలు పెట్టి, జరగని ఆటలకు రిఫరీగా సంతకం చెయ్యమంది.

"ఆడేసినట్టేనండి అత్తయ్యగారూ. అవతలాళ్ళు రాకపోతే మన పిల్లలేం చేస్తారండీ? ఈ కాగితాలు రేపు కాలేజీ సీటుకి పనికొస్తాయండి. అన్ని చోట్లా ఇంతేనండి," అంది, సంతలో కూరల ధర చెప్పినంత మామూలుగా.

కాగితాలు వెనక్కి తోసేసి, వాళ్ళిచ్చిన టీ ముట్టుకోకుండా ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. కానీ దారి పొడుగునా నాకు రోత పుట్టింది ఒక్క ఆ అమ్మాయి మీదే కాదు. అలాంటి కాగితం మీద నేనూ ఒకసారి సంతకం చేశాను.

అప్పటికి నేను రాజోలు దగ్గర ఒక బాలికల హైస్కూల్లో తాత్కాలికపు ఆటల టీచర్ని. ట్రైనింగులో నేర్చుకున్న రోలర్ హాకీని మా ఊరి పిల్లలకు నేర్పాలని ఒక పట్టుదల పట్టుకుంది నన్ను. హాకీలాంటిదే, కాకపోతే కాళ్ళకు చక్రాల బూట్లుంటాయి, జట్టుకు నలుగురు, పైన గోల్ కాసే పిల్ల ఒకతె. రింకు మాట దేవుడెరుగు, మాకు దొరికిన నున్నటి నేల ఒక రైసు మిల్లు వాళ్ళు ధాన్యం ఆరబోసుకునే సిమెంటు కళ్ళం ఒక్కటే. ఎండెక్కితే వాళ్ళు ధాన్యం పోసుకుంటారు కాబట్టి తెల్లారేసరికే వెళ్ళి, ముందు నేలంతా రెండుసార్లు ఊడ్చుకునేవాళ్ళం, ఎందుకంటే చక్రం కింద ఒక్క వడ్లగింజ పడినా మనిషి వెళ్ళి బొక్కబోర్లా పడాల్సిందే. పడేవాళ్ళు కూడా. మోకాళ్ళు చెక్కుకుపోయినా, బూటు బెల్టు బిగించుకుని మళ్ళీ లేచేవారు. పెద్దాళ్ళ జట్టు కూడా ఒకటి కట్టాం. అందులో నేను, ముగ్గురు నర్సులు, మిల్లు యజమానిగారి చిన్నకోడలు ఉండేవాళ్ళం. ఆవిడ పంజాబీ డ్రెస్సు వేసుకుని పొడుగాటి జడ నడుముకు చుట్టుకుని బంతి వెంట పడుతుంటే, బస్తాలు మోసేవాళ్ళు పని ఆపి నిలబడి చూసేవారు.

పిల్లల జట్టులో గోల్ కాసేది మా పిన్ని కూతురు. వాళ్ళ నాన్న, అంటే మా బాబాయి, అంతర్వేదిలో పడవ మీద వేటకెళ్ళేవాడు. చదువు కోసం ఆ పిల్లను మా ఇంట్లో ఉంచారు. కాళ్ళకు కట్టుకునే ప్యాడ్లు కొనే స్తోమత మాకు లేక, గోనెగుడ్డలో కొబ్బరిపీచు దట్టంగా కూరి మా అమ్మే కుట్టిచ్చింది. చెమటకు తడిసి అవి ఎంత కంపు కొట్టేవంటే మా అమ్మ వాటిని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేది కాదు. ఆ పిల్ల మాత్రం వాటిని రోజూ ఎండలో బోర్లించి, తిరగేసి, తన బట్టలకంటే శ్రద్ధగా చూసుకునేది.

రెండేళ్ళు అలా ఆడాక, గోదావరి దాటి ఒక పట్నంలో పెద్ద పోటీలకు పిల్లల జట్టును తీసుకువెళ్ళాను. మాకిచ్చిన బస ఒక పాత కల్యాణ మండపం, మరుగుదొడ్ల వైపు ముక్కు మూసుకున్నా వెళ్ళలేం, రాత్రి పెట్టిన సాంబారే పొద్దున్న పులిసిపోయాక కూడా పెట్టారు. అయినా పిల్లలు కిక్కురుమనకుండా ఆడారు. సెమీ ఫైనల్లో అసలైన రింకు మీద, అసలైన ప్యాడ్లు కట్టుకున్న పట్నం పిల్లల మీద మావాళ్ళు ఒక్క గోలుతో గెలిచారంటే అది మా పిన్ని కూతురి చలవ. ఆ చివరి నిమిషాల్లో బంతి వచ్చి దాని కాళ్ళకు ఫట్టుమని తగులుతుంటే పీచు దుమ్ము పైకి లేచేది. ఫైనల్లో ఓడిపోయాం కానీ రెండో స్థానం మాదే.

ఆ మధ్యాహ్నం పోటీల కార్యదర్శిగారు నన్ను తన గదికి పిలిపించారు. ఆయన, ఇంకో నలుగురు పెద్దమనుషులు కోడికూరతో భోజనం చేస్తున్నారు. ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా సర్టిఫికెట్ల కోసం రాసిన మా జట్టు జాబితా నా ముందుకు లాగి, నూనె వేలు మా పిన్ని కూతురి పేరు మీద పెట్టారు.

"టీచరుగారూ, చిన్న సాయమండి. మా అమ్మాయి పేరొకటి ఇందులో రావాలండి. ఎనిమిది మందికి మించి రాయకూడదు కదండీ, ఒకళ్ళని తీసెయ్యాలి. బయటి పిల్లని తీస్తే వాళ్ళ నాన్న వచ్చి గొడవ చేస్తాడండి. ఈ పిల్లయితే మీ పిన్నిగారమ్మాయంట కదండీ, మీరు సర్దిచెప్పుకుంటారు."

నా పోస్టు ఇంకా పర్మనెంటు కాలేదని తనకు తెలుసని, మా హెడ్మిస్ట్రెస్ గారు తనకు బాగా తెలిసినావిడేనని కూడా, ఎముక కొరుకుతూ నెమ్మదిగా చెప్పారు.

నాకు ఎంత అసహ్యం వేసిందో చెప్పలేను. లేచి వచ్చేయొచ్చు. ఆ కాగితం చింపేయొచ్చు. ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను అనాల్సిన మాటలు ఎన్ని రకాలుగా కూర్చుకున్నానో నాకే లెక్క తెలియదు. ఆ రోజు నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఆయ్, అలాగేనండి," అన్న మాట. మన వైపు మర్యాద. నా పెన్నుతోనే ఆ పేరు కొట్టేసి, కింద సంతకం పెట్టాను.

తిరుగు ప్రయాణంలో అందరి చేతుల్లోనూ సర్టిఫికెట్లుంటే, మా పిన్ని కూతురిది అచ్చులో పొరపాటయిందని, తరవాత పోస్టులో వస్తుందని చెప్పాను. నమ్మింది. చాలా నెలలు పోస్టుమాన్‌ని అడుగుతూనే ఉంది. చదువయ్యాక ఆటల టీచరు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టుకుంటే ఆ కాగితం లేక సీటు రాలేదు. నా పోస్టు మాత్రం ఆ పోటీల వెనకొచ్చిన వేసవి సెలవుల తరవాత పర్మనెంటయింది. దానికి పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వాళ్ళ చదువుల కోసం కువైట్ వెళ్ళి పరాయి ఇళ్ళలో అంట్లు తోమి, పరాయి పిల్లల్ని పెంచి, నడుం పడిపోయాక తిరిగొచ్చింది.

నాలుగేళ్ళ కిందట, ఇక మొయ్యలేక, అంతర్వేది వెళ్ళి దానికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అది పెరట్లో పీట మీద కూర్చుని చేపలు తోముతోంది. చెయ్యి ఆపలేదు. ఇంకో చేప అందుకుని, తల ఎత్తకుండానే అడిగింది.

"సెమీ ఫైనల్లో ఆఖరి బంతి ఏ కాలితో ఆపేనో గుర్తుందా అక్కా?"

నేను తడుముకుని, కుడికాలు అన్నాను.

"ఎడంకాలక్కా," అంది. "కాగితం పోతే పోయింది, నువ్వయినా చూసేవనుకున్నాను ఇన్నాళ్ళూ."

భోజనం పెట్టింది. పులుసు రెండోసారి కూడా వడ్డించింది. ఆ తరవాత ఇప్పటిదాకా నాకు ఒక్క ఫోన్ చెయ్యలేదు, నేను చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తుంది. దాన్ని తప్పుపట్టే ముఖం నాకు లేదు.

మొన్నటి కాగితాల మీద ఇంకెవరో సంతకం చేసేశారట. నా మీద అలిగిన మా తమ్ముడి కోడలు ఆ సంగతి నాకు కబురు చేసి మరీ తెలియజేసింది. మా రోజుల్లో అంతా సవ్యంగా ఉండేదని, ఇప్పుడే చెడిపోయిందని నా ఈడువాళ్ళు అంటూంటే నాకు ఒళ్ళు మండుతుంది, ఆ చెడుకు బీజం వేసినవాళ్ళలో నేనూ ఒకతెను. తేడా లేదని కాదు. అప్పుడు మేం కాగితం మీద అబద్ధం రాశాం కానీ ఆట నిజంగా జరిగింది. పిల్లలు పడ్డారు, లేచారు, బంతిని ఆపారు. పేరు ఎవరు కొట్టేసినా అది వాళ్ళ ఒంట్లో ఉండిపోయింది. మా తమ్ముడి మనవరాలికి బూట్లున్నాయి, పతకముంది, సంతకాలున్న కాగితముంది. ఆ పసిదాన్ని ఒక్కసారైనా గోడ వదిలి పడనివ్వలేదు. మా చెల్లెలి దగ్గర నేను దొంగిలించడానికైనా ఏదో ఉండేది; ఈ పిల్లకు అదీ లేకుండా చేశారు.