మూసి చూడని కన్ను

కళ్లజోళ్ల కొట్టాయన భార్యది బట్టల చిరుగులు బాగుచేసే పని. ఆమె కుట్టాక ఎక్కడ చిరిగిందో బట్ట తెచ్చినవాళ్లకే తెలిసేది కాదు. అలాంటి మనిషికి సూదిలో దారం ఎక్కడం మానేసింది. పైగా తలనొప్పి.

"కుడివైపు మసగ్గా ఉందండీ. డాక్టర్‌కి చూపిద్దాం."

"నేనుండగా డాక్టరెందుకే? కొట్టు పరువు పోదూ!" అన్నాడాయన.

కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకూ ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి అక్షరాలు చదివించేవాడు. పెళ్లానికి మాత్రం, ఇంటి మనిషికి పద్ధతులేంటని, అన్నం తింటూ తింటూ రెండు కళ్లతోనూ గోడమీది క్యాలెండర్ చదవమనేవాడు. బాగున్న కన్ను చదివేసేది. "చూశావా! వయసు, అంతే" అని కొత్త అద్దాలు బిగించి ఇచ్చేవాడు. అవి కుదరకపోతే ఇంకో జత. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడిందంటారు. ఈ మహానుభావుడు తాను పడలేదు, పెళ్లాన్ని తోశాడు!

ఒకరోజు ఆమె మెట్టు కనబడక పడితే, చెల్లెలు రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఆమె ఎడమ కన్ను మూసి, "ఎన్ని వేళ్లు?" అంది.

"ముందు లైటు వెయ్యండమ్మా."

లైటు వెలుగుతూనే ఉంది. చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

స్కానింగ్‌లో గడ్డ కనబడింది. "మెనింజియోమా అంటారు. మెదడు మీది పొరలో పుట్టింది. క్యాన్సర్ కాదు, మెల్లగా పెరిగేదే. కానీ కంటి నరాల్ని నొక్కేసింది. మొదట్లోనే వచ్చుంటే కుడి కన్ను దక్కేదేమో. ఇప్పుడు తియ్యకపోతే రెండోదీ పోతుంది" అంది డాక్టరమ్మ.

పుర్రె తెరిచి గడ్డ మొత్తం తీశారు. కుడి కన్ను తిరిగి రాలేదు. ఎడమ కంట్లో మిగిలిన చూపు నడవడానికి సరిపోతుంది, సూదికి చాలదు. ప్రాణం దక్కింది చాలన్నారందరూ. ఆమె కుట్టుపెట్టె ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చాక ఒక పూట ఆమె కొట్టు వెనక గదిలో కూర్చుని ఉండగా, ముందు గదిలో మొగుడు ఎవరో ఆవిడతో అంటున్నాడు: "బంగారంలాంటి కళ్లండీ. ఆపరేషన్ చేసి పోగొట్టారు!"

ఒళ్లు మండిపోయింది. గోడ తడుముకుంటూ బయటికొచ్చింది. "డాక్టర్లు కాదమ్మా, ఈయనే! ఒక్కసారి, ఒక్క కన్ను మూసి చూసుంటే నాకీ గతి పట్టేదా?"

ఆయన కణత మీద వేలితో తట్టి, గొంతు తగ్గించి, "తలలో కోశారు కదండీ... అప్పట్నుంచీ ఇలాగే" అన్నాడు.

"అయ్యో పాపం" అంటూ ఆవిడ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లను నడిపించినట్టు వెనక గదిలో కూర్చోబెట్టి, మళ్లీ ముందుకొచ్చింది.

"ఆ నల్ల ఫ్రేమ్ చూపించండి" అంది.