ఖాళీ సంచి బరువు

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గాని, అది కాగితాల మీదే మిగిలిపోయింది. వీధిలో చిన్నాపెద్దా అందరికీ ఆమె టేపమ్మ. ముప్పై ఏళ్లుగా కుట్టుపని చేస్తోంది. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. స్నానానికి తప్ప తీయదని అత్తగారి ఫిర్యాదు. ఎదురుగా మనిషి వస్తుంటే ముందు భుజాల కొలత, ఆ తరువాతే ముఖం ఆమె కంటికి ఆనేవి.

నాలుగేళ్ల కిందట ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఒక చిరిగిన సంచి పట్టుకుని ఆమె కొట్టుకు వచ్చింది. పిల్లల్ని తూచే సంచి అది. చూడటానికి నిక్కరులా ఉంటుంది; పిల్లల కాళ్లు రెండు కన్నాల్లోంచి కిందికి వస్తాయి, పైన నాడాలుంటాయి. ఊడిన నాడా కుట్టి పంపేస్తే పోయేది. కానీ కుట్టిన బట్ట ఒంటి మీద ఎలా కూర్చుందో చూడకపోతే టేపమ్మకు అన్నం సయించదు. చూసొద్దామని, నెలకోసారి పిల్లల్ని తూచే చోటికి, గ్రంథాలయం వెనక గదికి వెళ్లింది. అక్కడ ముగ్గురు ఆడవాళ్లు ఇరవై ఇద్దరు పిల్లలతో, ఆ పిల్లల ఏడుపులతో సతమతమవుతున్నారు. వాళ్లలో ఒకరు పిల్లల్ని పట్టుకుంటే ఇంకొకరు కాటా ముల్లు చూడాలి, మరొకరు కార్డులో బరువు రాయాలి. ముగ్గురూ మూడు పనుల్నీ ఒకేసారి చేస్తున్నారు. టేపమ్మ చీరకొంగు బొడ్లో దోపుకుంది. అంతే, ఆ రోజు నుంచి ప్రతి నెలా మొదటి శనివారం ఆమె కొట్టు మూత.

పిల్లలు ఏడ్చేది బరువుకు కాదు, గాల్లో వేలాడే సంచిలోకి దించినందుకని ఆమె మొదటి రోజే కనిపెట్టింది. తలుపు చట్రానికి ఇనుప కొక్కెం, దానికి గోడ గడియారమంత గుండ్రటి కాటా, ఆ కాటాకు సంచి. పరాయి మనిషి ఎత్తి అందులో పడేస్తే ఎవరు మాత్రం ఏడవరు? అందుకని ఆమె కొత్త పద్ధతి పెట్టింది. సంచిని ముందుగా కాటాకు తగిలించకూడదు. తల్లి బల్ల మీద కూర్చుని, ఒళ్లోనే పిల్లకు నిక్కరు తొడిగినట్టు సంచి తొడగాలి. ఆ తరువాత పిల్లను సంచితో సహా ఎత్తి కొక్కేనికి తగిలించాలి. ఏడుపులు సగానికి సగం తగ్గాయి. నర్సమ్మ మెచ్చుకుని పక్క వీధుల వాళ్లకు కూడా ఇదే నేర్పించింది. ఈ పద్ధతిని కాస్త గుర్తుంచుకోవాలి, ఎందుకంటే జరిగిన తప్పంతా ఇందులోనే దాగి ఉంది.

నాలుగేళ్లు ఉతికీ ఉతికీ పాత సంచి పలచబడిపోయింది. చేతిలోకి తీసుకుంటే జేబురుమాలంత బరువు కూడా ఉండేది కాదు. ఒకరోజు ఒక పిల్లాడి తొడ మీద నాడా ఒరుసుకుని ఎర్రగా కందింది. టేపమ్మ ప్రాణం ఉసూరుమంది. తన చేతి మీదుగా నడిచే చోట పసివాడి ఒళ్లు కందడమా? వారం రోజులు కొట్టులో పనులన్నీ పక్కన పెట్టి కొత్త సంచి కుట్టింది. పైన మందపాటి గుడారపు గుడ్డ, లోపల మెత్తటి నూలు, మధ్యలో దూది, రెండు వేళ్ల వెడల్పు నాడాలు, వాటికి నాలుగు ఇనుప బకిల్సు. కుట్టు మీద కుట్టు వేసింది. ఏనుగు పిల్లను తూచినా తెగదని అత్తగారు అన్నారు. ఆవిడ నోటి నుంచి పొగడ్త అంటే అదే.

ఆ నెల గదిలో పండగ వాతావరణమే. తూచిన ప్రతి పిల్లా బరువు పెరిగింది. ఒకరిద్దరు కాదు, అందరికి అందరూ. మామూలుగా నెలకు పావుకిలో పెరగడానికే ఆపసోపాలు పడే పిల్లలు అరకిలోకు పైనే పెరిగారు. కార్డులు రాసేది ఒక విశ్రాంత లెక్కల టీచరు. ముప్పై మూడేళ్లు ఊళ్లో పిల్లల తప్పులకు ఎర్ర సున్నాలు చుట్టిన మనిషి.

"చూశావా? అన్నంలో చెంచా నూనె వేయమని, గుడ్డు పెట్టమని మనం ఆర్నెల్లుగా మొత్తుకున్నది ఊరికే పోలేదు" అన్నారావిడ.

కోరుకున్న జవాబు వచ్చింది కదా, ఆవిడ కూడా లెక్క తిరగేసి చూసుకోలేదు. నర్సమ్మ ఫొటో తీసుకుంది. తల్లులు కార్డులు ఒకరికొకరు చూపించుకున్నారు. టేపమ్మ కాళ్లు నేల మీద నిలవలేదు.

పొంగిపోనిది ఒక్కతే. వీధి చివర రేకుల పందిరి కింద ఇస్త్రీ చేసే అమ్మాయి. పది నెలలు నిండి పదకొండోది నడుస్తున్న కూతురు ఆమెకు. ముందు నెల ఆ పిల్ల ఏడు కిలోల రెండొందలు. కొత్త సంచిలో ఏడు కిలోల మూడొందలు. అందరిలోకీ తక్కువే, అయినా పెరుగుదలే.

"పిల్ల తేలికైందక్కా" అంది ఇస్త్రీ అమ్మాయి.

"ముల్లు ఎదురుగా కనిపిస్తోంది కదమ్మా, పెరిగిందని."

"ఏమో. చంకలో వేసుకుంటే తెలుస్తోంది."

"ఎండలో నిలబడి పనిచేసి నీరసం వచ్చుంటుంది నీకు. పిల్ల బంగారంలా ఉంది" అని టేపమ్మ ఆ మాటను కొట్టిపారేసింది.

మరుసటి నెల ఆ పిల్ల మళ్లీ ఏడు కిలోల రెండొందలకు దిగింది. ఆ వయసుకు కార్డులోని ఎర్ర గీత ఏడు కిలోల దగ్గరుంటుంది. గీత కిందికి జారితేనే ఆసుపత్రికి పంపాలని నియమం. ఈ పిల్ల గీతకు పైనే ఉంది. తల్లి మళ్లీ అదే మాట అంది. ఈసారి కాస్త గట్టిగానే అంది. టేపమ్మ కార్డు ఆమె ముందు పెట్టి గీతను వేలితో చూపించింది.

"నువ్వు సన్నం, మీ ఆయన సన్నం. పిల్ల మాత్రం ఎక్కడి నుంచి తెస్తుందే లావు? ఎక్కువగా ఆలోచించకు."

సరిగ్గా ఇవే మాటలు పాతికేళ్ల కిందట తన పెద్ద కూతురి విషయంలో ఎవరో తనతో అన్నారని, ఆ రోజు తాను ఎంత ఉడుక్కుందో ఆమెకు ఆ క్షణాన గుర్తు రాలేదు. వచ్చి ఉంటే ఎంత బాగుండేది.

మూడు రోజుల తరువాత, మధ్యాహ్నం పూట, ఉతికి ఆరేసిన సంచిని ఇస్త్రీకి తీసుకెళ్లింది. నాడాలు ముడతపడితే పిల్లలకు గుచ్చుకుంటాయని ఆమె భయం. పిల్ల పందిరి కింద చాప మీద పడుకుని ఉంది. పన్నెండో నెల పిల్లలు చాప మీద కుదురుగా ఉండరు, కానీ ఈ పిల్ల కదలకుండా పైకప్పు చూస్తోంది. ఇస్త్రీ అమ్మాయి సంచి అందుకుని, అరచేతిలో ఒకసారి ఎగరేసినట్టుగా తూచింది. బట్టల మూట ఏది చేతికిచ్చినా అలా తూచి చూడటం ఆమెకు అలవాటు.

"ఇదేంటక్కా, ఇంత బరువుంది? రెండు చొక్కాలూ ఒక రుమాలూ అంత ఉంది. పాతది అసలు చేతికే తెలిసేది కాదు."

చాలా మామూలుగా అంది. అని పెట్టెలో బొగ్గులు ఎగదోసుకుంటోంది. టేపమ్మ చాప మీది పిల్లను చూసింది, అమ్మాయి చేతిలోని సంచిని చూసింది. సంచి లాక్కుని గ్రంథాలయం వైపు దాదాపు పరుగు తీసింది.

తాళం తీసి, ఖాళీ కాటా చూసింది. ముల్లు సున్నా మీద బుద్ధిగా ఉంది. ఖాళీ సంచిని కొక్కేనికి తగిలించింది. కుట్టిన తరువాత ఆ సంచి ఖాళీగా కాటా ఎక్కడం అదే మొదటిసారి. ముల్లు నాలుగొందల గ్రాముల గీత మీద ఆగింది. తీసి మళ్లీ తగిలించింది. మళ్లీ అక్కడే ఆగింది. మునుపు ఖాళీ సంచి తగిలించాకే ముల్లును సున్నాకు తిప్పేవాళ్లు, తన పద్ధతి వచ్చాక ఆ పని పోయింది. పాత సంచి పలచగా ఉన్నన్నాళ్లు ఆ తేడా ఎవరికీ పట్టలేదు. ఏడవకుండా ఉండాలని తాను పెట్టిన పద్ధతి, కందకుండా ఉండాలని తాను కుట్టిన సంచి. రెండూ కలిసి ఇరవై ముగ్గురు పిల్లల కార్డుల్ని తప్పుల తడక చేసేశాయి. ఇస్త్రీ అమ్మాయి కూతురు ఏడు కిలోల రెండొందలు కాదు. ఆరు కిలోల ఎనిమిదొందలు. గీతకు కిందనే ఉంది.

సంచిని కొక్కెం నుంచి తీసేసరికి టేపమ్మకు ఒకటి మాత్రం తేలింది, ముందు పిల్ల. తిన్నగా పందిరి దగ్గరికి వెళ్లి, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టమంది.

"తప్పు నాదమ్మా. సంచి బరువు కూడా పిల్ల బరువులో కలిపి రాశాం. నీ పిల్ల తగ్గింది. పద, ఆసుపత్రికి వెళ్దాం."

ఇస్త్రీ అమ్మాయి ఆమె వైపు చూసింది. తిడుతుందనుకుంది టేపమ్మ, తిడితే బాగుండుననుకుంది.

"నేను రెండుసార్లు చెప్పానక్కా" అంది ఆ అమ్మాయి. పిల్లను ఎత్తుకుని నడిచింది.

పిల్లకు పేగుల్లో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు. తిన్నది ఒంటికి పట్టడం లేదు. డాక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి, నెల ముందు తెచ్చి ఉంటే ఒక సీసా మందుతో పోయేదని, ఇప్పుడు పది రోజులు వార్డులో ఉంచాలని చెప్పింది. కోప్పడలేదు. అయినా టేపమ్మకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు టీచరుగారింటికి వెళ్లి జరిగింది చెప్పింది. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అందరి కార్డుల్లోనూ నాలుగొందలు తగ్గించి కొత్త కార్డులు రాసేద్దాం. పాతవి పోయాయని చెబుదాం. ఇంటింటికీ తిరిగి చెప్పుకోవడం ఎందుకు? మన మాట మీద నమ్మకం పోతే రేపు పిల్లల్ని ఎవరు తీసుకొస్తారు?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. టేపమ్మ ఇంటికి వచ్చి అత్తగారి ముందు కూలబడింది. అత్తగారికి ఎనభై ఏళ్లు, కళ్లు ఆనవు, నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఏమే, చొక్కా బిగుతుగా కుట్టావనుకో, తిరిగి తెచ్చినవాడితో ఏమంటావు?"

"విప్పి మళ్లీ కుట్టి ఇస్తానంటాను."

"నువ్వే లావయ్యావు పొమ్మనవుగా?"

"అనను."

"మరి నా దగ్గర కూర్చుని ఏడుస్తావేం? వెళ్లు."

ఆ సాయంత్రం నుంచి మూడు రోజులు, ఇరవై రెండిళ్లు తిరిగింది. కార్డు అడిగి తీసుకుని, రెండు నెలల తప్పు అంకెల్నీ ఒక్కో గీతతో కొట్టేసి, కింద అసలు అంకెలు వేసి, పక్కన సంతకం పెట్టింది. పాత అంకెలు కనబడాలి, దాచకూడదని ఆమె పట్టు. రెండో రోజు నుంచి టీచరుగారు కూడా ఎర్ర పెన్ను పట్టుకుని వెంట వచ్చారు. ఒకాయన ముఖం మీదే తలుపు వేశాడు. ఒక తల్లి నవ్వేసి మంచినీళ్లిచ్చింది. ఒక నాయనమ్మ మాత్రం, మనవడు అందరికంటే ఎక్కువ పెరిగాడని వీధంతా చాటుకున్నాను, ఇప్పుడు ముఖం ఎక్కడ పెట్టుకోమంటావని గంటసేపు వాయించింది. టేపమ్మ నిలబడి అంతా వింది. తిరిగినందుకు ఇంకో ఇద్దరు పిల్లలు గీత కింద తేలారు. వాళ్లను అదే వారం నర్సమ్మ దగ్గరికి పంపారు.

పిల్ల వార్డులో ఉన్నన్నాళ్లు టేపమ్మ రోజూ వెళ్లింది. ఇస్త్రీ అమ్మాయి ఆమె తెచ్చినది తీసుకునేది, అడిగినదానికే జవాబిచ్చేది. పదకొండో రోజు ఇంటికి వెళ్లిపోయారు. వచ్చే నెల మొదటి శనివారం తూకానికి వస్తావా అని టేపమ్మ అడగలేదు.

ఆ శనివారం గదిలో కొత్త సంచి, లైనింగు గుడ్డతో కుట్టిన పలచటిది, ఒరుసుకునే చోట మాత్రం చిన్న మెత్తటి పట్టీ. పిల్లకు తొడిగే ముందు ఖాళీ సంచిని కాటాకు తగిలించి, ముల్లును సున్నాకు తిప్పి, తల్లికి చూపించాలి. ప్రతి పిల్లకూ, ప్రతిసారీ. పద్దెనిమిది మంది వచ్చారు. ఐదుగురు రాలేదు. పన్నెండు దాటింది. టీచరుగారు కార్డులు సర్దుతున్నారు. టేపమ్మ గుమ్మం వైపు చూడటం మానేసి, మళ్లీ చూసింది. ఇస్త్రీ అమ్మాయి నిలబడి ఉంది, చంకలో పిల్ల.

టేపమ్మ ఖాళీ సంచి తగిలించి ముల్లు చూపించింది. ఆ అమ్మాయి దగ్గరికి వచ్చి, సున్నా మీద ఉందా లేదా అని వంగి చూసి, తలూపింది. బల్ల మీద కూర్చుని పిల్లకు సంచి తొడిగింది. టేపమ్మ ఎత్తబోయి ఆగింది.

"ముందు నువ్వు చెప్పు. నీ చేతికి ఎలా ఉంది?"

ఆ అమ్మాయి బల్ల మీంచి లేచింది. పిల్లను రెండు చేతులతో కాస్త పైకి లేపి, మూటను తూచినట్టే తూచింది.

"మూడు చొక్కాలు పెరిగింది" అంది.

టేపమ్మ కార్డు మీద ఆ మాట ఉన్నదున్నట్టు రాసింది. పిల్లను కొక్కేనికి తగిలించి, ఆ తరువాతే ముల్లు వైపు చూసింది. ఏడు కిలోల నాలుగొందలు.