రెండో బెజ్జం లేని లారీ

కంగారూల దేశంలో, గిరావీన్‌లో నేను అద్దెకున్న గది కిటికీ తెరిస్తే పక్కింటి షెడ్డు, అందులో బుల్‌డాగ్ మూతితో ఒక పాత మిలిటరీ లారీ కనిపించేవి. యుద్ధం రోజుల్లో కెనడా నుంచి ఓడల్లో విడిభాగాలుగా వస్తే ఇక్కడ బిగించుకున్న బళ్లలో అదొకటి. ఇక్కడివాళ్లు వాటిని బ్లిట్జ్ అంటారు. పక్కింటి తాతగారి నాన్న దాన్ని మిలిటరీ వేలంలో కొని, ఈ వీధులన్నీ తోటలుగా ఉన్న కాలంలో నారింజపళ్లు మోయించాడట.

నేను మెకానికల్ మాస్టర్స్ చేస్తున్నానని తెలిసిన దగ్గర్నుంచీ తాతగారు శనివారం మధ్యాహ్నాలు నన్ను షెడ్డుకి పిలిచేవారు. నట్లు విప్పడం, గ్రీజు పూయడం, ఆపైన టీ, బిస్కెట్లు. యూనీలో వారమంతా స్క్రీన్ మీద బొమ్మలు గీసి విసుగెత్తిన నా చేతులకి అది పండగే.

ఆ ఏడు ఆయనకి ఒక దిగులు పట్టుకుంది. అంతకు ముందేడు పాత బళ్ల క్లబ్బు ప్రదర్శనలో బళ్లని పరీక్షించే ఒక పెద్దమనిషి ఈ లారీ చుట్టూ తిరిగి, చెక్క తొట్టి తయారీవాళ్ల పుస్తకంలో లేదని, 'అసలైనది కాదు' అని చీటీ అంటించి పోయాడు. అసలైన బళ్ల వరుసలో దానికి చోటు లేదన్నమాట. తాతగారికి ఎనభై దాటాయి. తన నాన్న బండిని ఒక్కసారైనా ఆ వరుసలో నడపాలని ఆయన కోరిక. అందుకని చెక్క తొట్టి పీకేసి ఇనప తొట్టి చేయించాలని నిశ్చయించుకున్నారు.

నేను నడుం బిగించాను. ఆ కెనడా పుస్తకం సంపాదించి, టేపు పట్టి కొలిచి, పదిహేడు తప్పులు రాసిచ్చాను. పదిహేడు! పరీక్షలో ఫస్టొచ్చినంత గర్వం. ఆయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తొట్టి పలకల్ని అరచేత్తో నిమిరారు. నాకేమీ తట్టలేదు. స్పానర్ తీసుకుని మొదటి పలక విప్పేశాను.

ఏ ఘనకార్యం చేసినా ఇంట్లో చూపించుకోకపోతే నాకు అన్నం సహించదు. వెంటనే విజయవాడకి వీడియో కాల్ చేశాను. నాన్న ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతాడు. చెక్కపెట్టె మీద కూర్చుని, ముఖానికి తువ్వాలు చుట్టుకుని డ్రైవర్లు బోడి చాసిస్ తోలుకొస్తే, క్యాబిన్ నుంచి తొట్టి దాకా అంతా మావాళ్లే కట్టి పంపిస్తారు.

"ఎవరు విప్పమన్నారే దాన్ని?" అన్నాడు నాన్న.

"రాంగ్ బాడీ నాన్నా. కెనడా మాన్యువల్‌తో మ్యాచ్ అవట్లేదు. మొత్తం నేనే చెక్ చేశా."

"నీ మ్యాచింగ్ తగలెయ్య! కిందికి దూరి చాసిస్ చూపించు."

దూరాను.

"నీ పుస్తకంలో తొట్టి ఎక్కడ బిగించమన్నాడు? అక్కడ బోల్టు బెజ్జాలున్నయ్యా?"

"లేవు."

"ఇప్పుడున్న తొట్టి బెజ్జాలు కాక, రెండో బెజ్జం ఎక్కడన్నా ఉందా?"

టార్చి వేసి ఈ చివర నుంచి ఆ చివరి దాకా పాక్కుంటూ వెతికాను. ఒక్కటీ లేదు.

"మరింకేంటి? దానిమీద ఇంకో బాడీ ఎక్కితే కదా ఇంకో బెజ్జం ఉండేది! బోడి చాసిస్ వచ్చింది, అక్కడి మేస్త్రీలు అక్కడి చెక్కతో కట్టారు. అదేం చెక్క?"

తాతగారిని అడిగాను. గమ్ ట్రీ అన్నారు.

"మన జామాయిలే నాన్నా."

"కెనడా మంచులో జామాయిలు పెరుగుద్దా? పంజాబోళ్ల బాడీ వేరు, మన బాడీ వేరు. చాసిస్ ఒకటే. ఎవడన్నా దొంగబండి అంటాడా? ముందా పలక బిగించు తల్లీ."

ఆటోనగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది. ఉన్నదున్నట్టు తాతగారికి చెప్పాను. ఆయన జేబులోంచి నా కాగితం తీసి, "మిగతా పదహారూ?" అని అడిగారు. అవీ ఇక్కడి పనితనమే అన్నాను. షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకూ ప్రాణం లేచొచ్చింది.

ప్రదర్శన రోజున అదే పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. నేను గడ్డిలో వెల్లకిలా పడుకుని, ఆయన్నీ లారీ కిందికి పిలిచి, బెజ్జాలు ఒక్కొక్కటే చూపించాను. పావుగంటకి వీపు నిండా గడ్డితో బయటికొచ్చి, "ఫెయిర్ ఎనఫ్" అని, పాత చీటీ చించేశాడు. అంతటితో ఆగకుండా వరుసలో ఉన్న బ్లిట్జ్‌లన్నిటి కిందా దూరడం మొదలుపెట్టాడు. ఏ రెండింటి తొట్లూ ఒకలా లేవు.

తాతగారు గేరు వేసి లారీని వరుసలోకి నడిపారు. నేను తొట్టిలో నిలబడి గొంతు పోయేలా అరిచాను. దిగేసరికి ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, నోరు మాత్రం నవ్వుతూనే ఉంది. తర్వాత క్లబ్బువాళ్ల కాగితం నా చేతికిచ్చారు. బాడీని పరీక్షించినవారి పేరు, వృత్తి రాయాలి. పేరు దగ్గర నాన్న పేరు రాశాను. యూనీకి అప్లై చేసినప్పుడు, తండ్రి వృత్తి అని అడిగిన గడిలో 'బిజినెస్' అని నింపి ఊరుకున్నాను. ఈసారి 'లారీ బాడీ మేస్త్రి' అని పెద్ద అక్షరాలతో రాసి, ఫోటో తీసి నాన్నకి పంపాను.